రిమోట్ కన్నుకు తీగ కట్టిన కథ

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం. మాట్లాడేటప్పుడు తడబడిన చోట్ల కొద్దిగా సరిచేసి రాసి ఇచ్చాను.)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువు కదా, పిల్లలకు పనికొచ్చేది ఒక పావుగంట చెప్పు" అన్నారు. నేను పనిచేసేది భూపాలపల్లిలో, ఇన్‌స్ట్రుమెంటేషన్ పని. బొగ్గుబావులు, చెల్పూరు థర్మల్ కేంద్రం ఉన్న ప్రాంతం కాబట్టి పెద్ద యంత్రాల గురించి చెబుతానని అనుకొని వచ్చి ఉంటారు. నేను చెప్పబోయేది సబ్బుపెట్టెలో పట్టే వస్తువు గురించి. అది జనగామలో ఒక ఇంట్లో, ఒక మంచం పక్కన ఉంది. ఆ మంచం మీద ఉన్నది మన సైన్సు సారు.

సారు దగ్గర అనుమతి తీసుకున్నాను. "పేరొద్దు, పని చెప్పు" అని పలక మీద రాసిచ్చారు. పేరు చెప్పకపోయినా ఇక్కడ సగం మందికి అర్థమైపోయి ఉంటుంది. మన బడిలో ల్యాబు బీరువా తాళంచెవిని ఎవరికీ ఇవ్వకుండా జేబులో వేసుకొని తిరిగిన సారు ఒక్కరే.

వెనక నిలబడ్డ పిల్లలకు ఒక మాట. మేము చదివేటప్పుడు మానుకోట, జనగామ, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లాలోవే. 2016 అక్టోబరు 11న మూడూ వేరువేరు జిల్లాలలోకి పోయాయి. సారు రిటైరయ్యాక బిడ్డ దగ్గరికి జనగామ వెళ్లారు, నేను ఉద్యోగానికని భూపాలపల్లి వెళ్లాను. పండుగకో పబ్బానికో ఫోన్ చేసుకోవడం తప్ప కలిసింది తక్కువే. సారుకు పక్షవాతం వచ్చిందని కూడా నాకు రెండు నెలల తర్వాత తెలిసింది. అది నా తప్పే.

వెళ్లి చూస్తే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి ఉన్నాయి. మాట ముద్దగా వస్తుంది, ఇంట్లో వాళ్లకు తప్ప అర్థం కాదు. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. ఎడమ చేత్తో పలక మీద పెద్ద పెద్ద అక్షరాలు రాస్తారు. ఆ రోజు నన్ను చూసి మొదట రాసింది, "లావైనవ్."

అమ్మ, అంటే సారు భార్య, నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పిన సంగతి వేరు. రాత్రి మూడుసార్లు, నాలుగుసార్లు లేవాల్సి వస్తున్నది. ఫ్యాన్ తగ్గించాలి, తెల్లవారుజామున చలికి బంద్ చేయాలి, ఉక్కపోస్తే మళ్లీ పెట్టాలి. "ఆయన లేపడు బిడ్డా. చలికి ముడుచుకొని పడుకుంటడు గానీ లేపడు. అందుకే నాకే నిద్ర పట్టదు" అన్నది. డెబ్బై ఐదేళ్ల మనిషి. సారు తత్వం మీకు తెలుసు, సుద్దముక్క కూడా పిల్లలతో తెప్పించుకోకుండా తానే వెళ్లి తెచ్చుకునేవారు.

ఇంట్లో ప్రయత్నం చేయలేదని కాదు. అల్లుడు బజారులో రిమోట్ స్విచ్‌బోర్డు కొని పెట్టించాడు. ఫ్యాను, లైటు రెండూ రిమోట్ మీద నడుస్తాయి. కానీ సారుకు అది పనికి రాలేదు. ఆ బటన్లు మినపగింజలంత ఉంటాయి. ఎడమ బొటనవేలు ఒకదాని మీద పెడితే రెండు నొక్కుకుంటాయి. ఒత్తిగిలి గోడవైపు పడుకుంటే రిమోట్ ముఖం బోర్డువైపు తిరగదు. ఆ గదికి పడమటి కిటికీ ఉంది. సాయంత్రం నాలుగు దాటితే ఎండ నేరుగా బోర్డు మీద పడుతుంది, అప్పుడు ఎవరు నొక్కినా పలకదు. మాటతో నడిచే యంత్రాలు ఉన్నాయి కదా అని మా ఆఫీసులో ఒక కుర్రవాడు అన్నాడు. అమ్మకే సగం అర్థమయ్యే మాట యంత్రానికి ఏం అర్థమవుతుంది!

అప్పుడు నాకొచ్చిన ఆలోచన ఇది: రిమోట్ ఎలాగూ బోర్డులోని కన్నుతోనే మాట్లాడుతుంది. ఆ కన్నుకు తీగ కట్టి, తీగ రెండో కొసకు సారు సులువుగా నొక్కగల మీట పెడితే అయిపోదా?

తీగ అనగానే నవ్వకండి. లోకంలో మొదటి టీవీ రిమోట్లకు తీగే ఉండేది. అమెరికాలో జెనిత్ కంపెనీ 1950లో తెచ్చిన దాని పేరు లేజీ బోన్స్, మన భాషలో బద్ధకస్తుడు అనుకోండి. జనం ఆ తీగ కాళ్లకు తగిలి పడుతున్నారని 1955లో వాళ్ల ఇంజనీరు యూజీన్ పాలీ వెలుగుతో పనిచేసేది చేశాడు, ఫ్లాష్‌మాటిక్. టార్చిలైటు లాంటిది పట్టుకొని టీవీ నాలుగు మూలల్లో ఉన్న ఫోటోసెల్లుల మీద కొట్టాలి. ఎండ పడితే దానంతటదే చానెల్ మారిపోయేది. 1955 నాటి తంటా జనగామ పడమటి కిటికీ దగ్గర ఇంకా ఉంది. ఇక మా ఇళ్లలో రిమోట్ అంటే ఇంట్లో అందరికన్నా చిన్నవాడే. లేచి వెళ్లి ఈసీ టీవీ గుండీ తిప్పి వచ్చేది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు.

ఇప్పుడు ఆ కన్ను సంగతి. మూడు కాళ్ల నల్ల గుండీ లాగుంటుంది. టీఎస్ఓపీ 1738 అనేది మన ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అందరికీ తెలిసిన రకం. ఒక కాలు 5 వోల్టులు, ఒకటి మైనస్, మూడోది కబురు చెప్పే కాలు. రిమోట్ నుంచి వచ్చే కంటికి కనపడని వెలుగు సెకనుకు 38 వేలసార్లు వెలిగి ఆరుతుంది. ఎందుకంటే ఎండకు, ట్యూబులైటుకు, దీపానికి ఆ లయ ఉండదు. ఆ లయలో వచ్చిందాన్ని మాత్రమే కన్ను పట్టించుకుంటుంది. మరీ ఎండ ముదిరితే లోపలి డయోడు దానితోనే నిండిపోయి లయ వినబడదు, అది వేరే.

నేను మొదట చేసిన పొరపాటు ఇక్కడే. రిమోట్ పంపినట్టే 38 కిలోహెర్ట్‌జ్ తరంగం తయారుచేసి మూడో కాలు మీదికి పంపాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. ఒక రాత్రంతా తల పట్టుకున్నాక తెలిసింది. ఆ లయను తీసేసి, ఖాళీ కబురును మాత్రమే లోపలి చిప్పుకు ఇవ్వడం కన్ను పని. మిర్చి బస్తాలు గూడ్సు బండిలో స్టేషన్ దాకా వస్తాయి. అక్కడ దింపి బండి మీద వేసుకొని దుకాణానికి తోలుతారు గానీ, వ్యాగన్‌ను దుకాణంలోకి నెట్టరు. నేను వ్యాగన్‌ను నెట్టాను.

ఇంకో తిరకాసు, కబురు తలకిందులుగా ఉంటుంది. ఏమీ లేనప్పుడు ఆ కాలు మీద 5 వోల్టులుంటాయి, వెలుగు పడినప్పుడు సున్నాకు దిగుతుంది. ఆ బోర్డు రిమోట్ వాడేది ఎన్ఈసీ పద్ధతి. మొదట 9 మిల్లీసెకన్లు కిందికి, 4.5 మిల్లీసెకన్లు పైకి, తర్వాత 32 బిట్లు. ప్రతి బిట్టులో 562 మైక్రోసెకన్ల చిన్న పల్సు, దాని తర్వాతి ఖాళీ పొట్టిదైతే 0, పొడుగుదైతే 1. రిమోట్ ఒక్కో బటన్ ఏం చెబుతుందో రాసిపెట్టుకొని, అదే వరసను ఒక చిన్న మైక్రోకంట్రోలర్‌లో వేశాను. కన్నును పీకేయలేదు. దాని మూడో కాలుకు ఒక ట్రాన్సిస్టర్ తగిలిస్తే చాలు, ఎవరు కిందికి లాగినా చిప్పుకు ఒకటే. పాత రిమోట్ కూడా పనిచేస్తుంది.

మీట ఒక్కటే. ఒకసారి నొక్కితే ఫ్యాన్ ఒక మెట్టు పెరుగుతుంది, కొంచెంసేపు అదిమి పట్టుకుంటే బంద్. టకటక రెండుసార్లు నొక్కితే లైటు. కాలింగ్ బెల్ స్విచ్ పెట్టి చూశాను, సారు వేళ్లకు అది గట్టి. పొడుగు స్టీలు రేకు ఉన్న మైక్రోస్విచ్ తెచ్చాను, చిటికెనవేలు ఆనించినా పలుకుతుంది. భూపాలపల్లిలో నా టేబుల్ మీద రెండు వారాలు నడిపాను. ఒక్కసారి తప్పలేదు.

ఒక ఆదివారం పొద్దుగాల బయల్దేరి పరకాల, హన్మకొండ మీదుగా జనగామ చేరాను. బోర్డు విప్పి మైక్రోకంట్రోలర్ లోపల బిగించాను. కరెంటు దానికి అదే బోర్డులోని 5 వోల్టుల నుంచే ఇచ్చాను. రెండు సన్నటి తీగలు గోడ వెంబడి మంచం దాకా తెచ్చి మీటకు కలిపాను. మెయిన్ వేశాను. నేను నొక్కలేదు, మొదట సారే నొక్కాలని నా కోరిక. మీట తీసుకొని సారు ఎడమ చెయ్యి దగ్గరికి తెచ్చాను. సారు చెయ్యి చాపలేదు. నా చొక్కా జేబు వైపు వేలు చూపించారు. పెన్ను అడుగుతున్నారేమోనని పలక, బలపం ఇచ్చాను. "టెస్టర్" అని రాశారు.

"సార్, ఇది 5 వోల్టులే, ఏం కాదు" అన్నాను. నవ్వాను కూడా. సారు పలక దించలేదు.

మా బ్యాచ్ వాళ్లకు గుర్తుండాలి. తొమ్మిదో తరగతిలో సారు టెస్టరు ఎలా వాడాలో రెండు పీరియడ్లు చెప్పారు. ముందు కరెంటున్న ప్లగ్గులో పెట్టి టెస్టరు బాగుందో లేదో చూడు, తర్వాతే అనుమానమున్న చోట పెట్టు, మళ్లీ ప్లగ్గులో చూడు. మూడుసార్లు. సరే, పెద్దాయన ముచ్చట తీరుద్దామని ప్లగ్గులో పెట్టాను, వెలిగింది. మీట స్టీలు రేకు మీద పెట్టాను. అంతే వెలుగు వెలిగింది.

టెస్టరు ఒక్కోసారి ఊరికే కూడా మినుకుమంటుంది, అందుకని మీటరు తీసి ఎర్తు పిన్నుకూ రేకుకూ మధ్య చూశాను. 230 వోల్టులకు పైనే. సారు పడుకున్నది ఇనుప మంచం, సిమెంటు నేల, కింద తడి అయ్యే పక్కబట్టలు. ఆ రేకును ఇంకో జానెడు దూరం జరిపి ఉంటే నేనివాళ ఈ వేదిక మీద ఉండేవాణ్ణి కాను.

ఎందుకట్లా అయిందో చెబుతాను, ఇది పిల్లలు రాసుకోవాలి. చౌక బోర్డుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఒక కెపాసిటర్, ఒక జీనర్ డయోడు పెట్టి 230 నుంచి 5 వోల్టులు రాబడతారు. ఆ 5 వోల్టులు నిజమే, కానీ ఎక్కణ్ణుంచి 5? మూడంతస్తుల డాబా మీద అడుగు ఎత్తు పీట వేసినట్టు. పీట ఎత్తు అడుగే. నేల మీద ఉన్నవాడికి మాత్రం అది మూడంతస్తుల పైన అడుగు. ఆ బోర్డు మైనస్ నేరుగా ఫేజు తీగకు కలిపి ఉంది. ట్రయాక్‌తో ఫ్యాన్ నడిపే బోర్డుల్లో అలా కలపడం మామూలే, బోర్డు చేసినవాడి తప్పు కాదు. దాంట్లోంచి తీగ బయటికి వస్తుందని అతను అనుకోలేదు, అందులో ఒక ప్లాస్టిక్ కన్ను తప్ప మనిషి తాకేది ఏదీ లేదు.

మరి భూపాలపల్లిలో రెండు వారాలు నాకెందుకు కొట్టలేదు? నా టేబుల్ మీద ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. నా రక్షణ కోసం పెట్టుకున్నదే నా తప్పును దాచింది. ముప్ఫై ఏళ్ల సర్వీసు ఉన్నవాణ్ణి, ప్లాంటులో కుర్రవాళ్లకు ఎర్తింగ్ గురించి క్లాసులు చెప్పేవాణ్ణి.

మెయిన్ తీసేసి అన్నీ ఊడదీశాను. చేతులు వణికాయి. అమ్మ చాయ్ తెచ్చి "కాలేదా బిడ్డా" అంటే "వస్తువు ఒకటి తక్కువ పడిందమ్మా" అని చెప్పాను. నిజం చెప్పడానికి నెల పట్టింది. సారు మాత్రం పలక తుడిచి, "మళ్లీ ఆదివారం రా" అని రాశారు. ఫెయిలైనవాణ్ణి ల్యాబులో మళ్లీ చేయమన్నట్టే.

మళ్లీ ఆదివారానికి పద్ధతి మార్చాను. మైక్రోకంట్రోలర్‌ను మంచం వైపు సబ్బుపెట్టెలోకి తెచ్చి మూడు పెన్సిల్ సెల్లుల మీద నడిపాను. మంచం దగ్గర ఉన్నది ఇక 4.5 వోల్టులే, దేనిమీదా కూర్చోని 4.5 వోల్టులు. బోర్డు వైపు పీసీ 817 అనే ఆప్టోకప్లర్ పెట్టాను. నాలుగు కాళ్ల చిన్న ఐ.సి., పది ఇరవై రూపాయల్లో దొరుకుతుంది. లోపల ఒక వైపు ఎల్ఈడీ, ఇంకో వైపు వెలుగు పడితే తెరుచుకునే ట్రాన్సిస్టర్, మధ్యలో తీగ లేదు. 5,000 వోల్టుల దాకా అటుది ఇటు రాదు. ఎల్ఈడీకి 680 ఓముల రెసిస్టర్ వేస్తే 5 మిల్లీ ఆంపియర్ల దగ్గర నడుస్తుంది. ఐ.సి. కింద బోర్డు రాగిని, బోర్డునూ కోసి ఖాళీ వదిలాను, రెండు వైపులా తీగలను ఒకదాని పక్క ఒకటి పోనివ్వలేదు. ఆ జాగ్రత్త లేకపోతే ఐ.సి. పెట్టి లాభం లేదు.

పెట్టాక మూడుసార్లలో ఒక్కసారే పలికింది. స్కోపు మీద చూస్తే ఆ ట్రాన్సిస్టర్ తొందరగానే లేస్తుంది గానీ పడుకోవడానికి బద్ధకిస్తున్నది. 562 ఉండాల్సిన పల్సు 700 అవుతున్నది, తర్వాతి ఖాళీ ఆ మేరకు తగ్గుతున్నది. కన్ను లోపలి పుల్-అప్ రెసిస్టర్ దాదాపు 30 కిలో ఓములు, అంత మెల్లగా లాగితే అది అంతే మెల్లగా లేస్తుంది. 5 వోల్టులకూ కబురు కాలుకూ మధ్య ఇంకో 4.7 కిలో ఓముల రెసిస్టర్ వేశాను. సరిపోయింది. కన్ను మీద ఎండ పడితే పిచ్చి పల్సులు వదిలి మన కబురును చెడగొడుతుందని, దానికి నల్ల అట్టముక్కతో చిన్న గొడుగు కూడా పెట్టాను.

ఈసారి ఎవరూ అడగకముందే టెస్టరు తీశాను. ప్లగ్గు, రేకు, ప్లగ్గు. రేకు మీద వెలగలేదు. మీటరు కూడా చూపించాను. అప్పుడు సారు చెయ్యి చాపారు.

సారు మొదటిసారి నొక్కినప్పుడు ఫ్యాన్ ఒక మెట్టు పెరిగింది. మళ్లీ నొక్కారు, పెరిగింది. అదిమి పట్టుకున్నారు, ఆగింది. తర్వాత ఒక పది నిమిషాలు మమ్మల్నెవరినీ పట్టించుకోకుండా లైటు వేస్తూ తీస్తూ ఉన్నారు. అమ్మ తలుపు దగ్గర నిలబడి, "కరెంటు బిల్లు ఎవరు కడ్తరు" అన్నది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

అప్పటిదాకా పక్కన కూర్చొని చూస్తున్న సారు మనవరాలు, తొమ్మిదో తరగతి, నన్నడిగింది: "అంకుల్, ఆ నల్ల ఐ.సి. లోపల ఉన్నది కూడా ఇన్‌ఫ్రారెడ్ వెలుగే కదా?" అవునన్నాను. "మరి రిమోట్‌లోది కూడా అదే కదా. రిమోట్ ఎల్ఈడీనే తీగతో తెచ్చి కన్ను ముందర అతికిస్తే బోర్డు విప్పకుండనే అయిపోతుండె కదా?"

అయిపోయేది. పాత రిమోట్ విప్పి, బటన్ కింది రెండు కార్బన్ చుక్కలకు మీట తీగలు, ఎల్ఈడీని పొడుగు తీగ మీద తెచ్చి కన్నుకు అర అంగుళం దూరంలో టేపుతో బిగించడం. ఎండ గొడవ లేదు, ఒత్తిగిలి పడుకున్నా ఒకటే, 230 వోల్టుల దరిదాపులకు పోయే పని లేదు. కోడు చదవక్కరలేదు, మైక్రోకంట్రోలర్ అక్కరలేదు. ఆ రిమోటుకూ కన్నుకూ మధ్య ఉన్న ఖాళీ జాగానే అడ్డమనుకొని దాన్ని తీసేయడానికి పోయాను నేను. మనిషిని కాపాడుతున్నది ఆ ఖాళీయే. తీసేసి, మళ్లీ డబ్బులిచ్చి కొని, ఐ.సి. రూపంలో అక్కడే పెట్టాను. సారు పలక మీద మనవరాలికి పదికి పది వేశారు. నాకెంతో వేయలేదు, నేనూ అడగలేదు.

అయినా సారు పెట్టె మార్చలేదు. ఒక్క మీటతో మూడు పనులు చేయడానికి ఆ మైక్రోకంట్రోలర్ కావాలి. మారుద్దామా అంటే "నడిచేదాన్ని కదపకు" అని రాశారు. ఆ తర్వాత ఇక్కడ మానుకోటలోనే మా బ్యాచ్ మిత్రుడి వాళ్ల అమ్మకు కీళ్లవాతంతో వేళ్లు వంకరపోతే, ఆమెకు మాత్రం మనవరాలు చెప్పిన పద్ధతిలోనే చేశాం. రెండు పెద్ద మీటలు, ఒకటి ఫ్యాను, ఒకటి లైటు. ఒక్క పూట పని, రిమోట్ తప్ప ఖర్చు రెండు వందలు దాటలేదు. వాడు పక్కన కూర్చొని సోల్డరింగ్ చేశాడు, మిర్చి వ్యాపారం చేసేవాడు, ముప్ఫై ఏడేళ్ల తర్వాత ఇనుము పట్టాడట.

రెండు పద్ధతుల డ్రాయింగులూ మన బడి ల్యాబుకు ఇచ్చాను, తీగల రంగులతో సహా తెలుగులో రాసి. ఎవరింట్లోనన్నా అవసరం ఉంటే ముందు రెండోది చేయండి, టేపుతో అతికించేది. మొదటిది చేయాలని పట్టుదల ఉన్నవాళ్లు నాకు ఫోన్ చేయండి, నేనొస్తాను. నేను రాకముందు బోర్డు విప్పొద్దు. పిల్లలు అసలే విప్పొద్దు.

మొన్న సభకు బయల్దేరే ముందు జనగామలో దిగి సారును చూసి వచ్చాను. ఏడు నెలలైంది కదా, సెల్లులు మార్చాను. అమ్మ రాత్రి ఒక్కసారే లేస్తున్నదట, అదీ నీళ్లు తాగడానికి. పాత సెల్లులు పారేయబోతుంటే సారు చెయ్యి ఊపి ఆపారు, పలక తీసుకున్నారు. "ఇంకా ఉంటది. గోడగడియారంల వెయ్యి" అని రాశారు. వేశాను. నడుస్తున్నది.